కోఆర్డినేటర్ ఆంటీ వెతికిన మాట

ఏప్రిల్ ఇరవై, సోమవారం. ఇవాళ్టి మొదటి ఆశ్చర్యం, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే మోగిన ఫోన్ మీద ఆంటీ నంబరు. ఆంటీ నాకు ఫోన్ చేయరు. వాయిస్ మెసేజ్ పెడతారు. అందులో సగం హిందీ, సగం తెలుగు, మధ్యలో ఆసుపత్రి లిఫ్టు గంట. అందుకే నిద్రమత్తులోనే నవ్వుకుంటూ, “చెప్పండి ఆంటీ, ఈసారి ఏ మాట కావాలి?” అన్నాను.

అవతల ఉన్నది అంకుల్.

“ఆంటీ నహీ రహీ, బేటా,” అన్నారు. ఆంటీ ఇక లేరు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పక్క క్వార్టర్లో ఉండే డాక్టరు వచ్చి చూసి, చెప్పి వెళ్ళారట.

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. అంకుల్ ఆగలేదు. ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయారు. ఆయన పంజాబీ, తెలుగు రాదు. ఆంటీవాళ్ళ అమ్మ వాళ్ళ దగ్గరే ఉంటారు. ఆవిడ ఇంకా లేవలేదు.

“మమ్మీజీకి నువ్వొచ్చి చెప్పమ్మా,” అన్నారు హిందీలో. “మా ఇద్దరి మధ్యా ఉన్నది కూరగాయల హిందీ. ఈ మాట అందులో చెప్పలేను. ఇంకా, కళ్ళ సంగతి. ఐ బ్యాంకుకి ఫోన్ చేశాను, వాళ్ళు బయలుదేరుతున్నారు. మమ్మీజీ వద్దంటే గుమ్మంలోంచే పంపించేస్తాను. మీ ఆంటీ పద్ధతి అదే కదా.”

ఆ పద్ధతి నాకు తెలుసు. ఇంట్లో ఒక్కరు వద్దన్నా ఆంటీ అక్కడితో ఆపేసేవారు. కొన్నేళ్ళ కిందట ఆంటీ తన కళ్ళు ఇస్తానని కార్డు మీద సంతకం చేసినప్పుడు, వాళ్ళమ్మ ఆ పూట అన్నం ముట్టలేదని కూడా తెలుసు. ఇంట్లో గుండె ఆగి పోయినవాళ్ళ మూత్రపిండాలూ కాలేయమూ ఎవరికీ పనికిరావు. కళ్ళు పనికొస్తాయి, అదీ కొన్ని గంటలలోపే. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఈ విషయం మాట్లాడిన మనిషి కోసం, ఆమె ఇంట్లో ఇప్పుడు నేను మాట్లాడాలి.

ఢిల్లీలో నేనుండే బేర్ సరాయ్ సందు చివర ఆటో దొరికింది. సరోజినీ నగర్ వెళ్ళే దారంతా నాకు ఏడుపు రాలేదు. ఆంటీ మాటలే గుర్తొచ్చాయి. ఆంటీ మాటలు గుర్తొస్తే ఏడవడం కష్టం.

ఆవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో అవయవదానం కోఆర్డినేటర్. మీలో చాలామంది ఆ ఉద్యోగం పేరు విని ఉండరు. నేనూ వినలేదు. ప్రమాదంలోనో, మెదడులో నరం చిట్లడం వల్లనో ఒక మనిషి మెదడు ఇక ఎప్పటికీ తిరిగిరాదని డాక్టర్లు తేల్చాక, ఆ ఇంటివాళ్ళ పక్కన కూర్చుని సంగతి చెప్పే మనిషి ఆవిడ. వాళ్ళు ఒప్పుకుంటే కాగితాల దగ్గర్నుంచి అంబులెన్సుల దాకా అన్నీ చూసే మనిషి. ఒప్పుకోకపోతే వాళ్ళకి టీ ఇప్పించి, ఇంటికి వెళ్ళే బండి కుదిర్చి, చేతులు జోడించే మనిషి కూడా ఆవిడే. తెలుగులో మీ ఉద్యోగాన్ని ‘అవయవదాన సమన్వయకర్త’ అంటారని ఒకసారి గొప్పగా చెప్పాను. ఆంటీ రెండుసార్లు పలకబోయి ఆపేశారు. “అరే బేటా, ఇది పలికేలోపు పేషెంటు డిశ్చార్జి అయిపోతాడు!”

మా పరిచయం అశోకా రోడ్డులో, ఆంధ్రా భోజనం పెట్టే క్యాంటీన్లో. నేను ఎం.ఏ.లో కొత్తగా చేరిన రోజులు. అనువాదం చదువుతున్నాను. మాటల పిచ్చి అప్పుడే మొదలైంది. గోంగూరకి ‘పుల్లటి’ చాలదు, ఇంకో మాట కావాలని స్నేహితురాలితో వాదిస్తున్నాను. ఎదురుగా కాటన్ చీర, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న ఆవిడ ముద్ద కలపడం ఆపి నన్నే చూస్తున్నారు.

“బేటా, నీకు తెలుగు మంచిగా వచ్చా?”

“వచ్చండీ.”

“ఎంత మంచిగా? మతలబ్, మనిషి పోయినప్పుడు చెప్పే అంత మంచిగా?”

భోజనం బల్ల మీద ఎవరూ అడగని ప్రశ్న. ఆవిడే చెప్పుకొచ్చారు. తండ్రి సైన్యంలో పనిచేశారు, శ్రీకాకుళం వైపు మనిషి. ఆవిడ పుట్టింది, పెరిగింది ఢిల్లీ కంటోన్మెంటులో. బడిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు అమ్మ దగ్గర వంటింట్లో విన్నదే. ఆసుపత్రికి వచ్చే తెలుగు కుటుంబాలతో ఎప్పుడు మాట్లాడాలన్నా ఆవిడనే పంపిస్తారు. ఆ మధ్య ఒక తెలుగు కుటుంబం దగ్గర కూర్చుని, ఎంతో గౌరవంగా, “మీ నాన్నగారు చచ్చిపోయారండీ” అన్నారట. కొడుకు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు ఈవిడ మాట ఒక్కటి కూడా వినలేదు.

“నేను ‘అండీ’ కూడా పెట్టాను కదా!” అన్నారు ఆంటీ. ఆ ముఖంలో నవ్వూ ఉంది, దిగులూ ఉంది. “ఏటి తప్పు చేశాను?”

నా స్నేహితురాలు మంచినీళ్ళ గ్లాసు వెనక ముఖం దాచుకుంది. నేను మాత్రం ఆ క్షణాన ఆ మనిషికి బానిసనైపోయాను. ఒక్క మాట తప్పినందుకు ఇంత బాధపడే మనిషిని నేను తరగతి గదిలో కూడా చూడలేదు.

ఆ తర్వాతి ఆదివారం నుంచి పాఠాలు. నేను ఆవిడకి గురువుని. “మాస్టరుగారూ” అనే పిలిచేవారు. నేను సందులోకి రాగానే బాల్కనీలోంచి, “మాస్టరుగారు వచ్చారు, హోంవర్క్ చేయలేదు, దాక్కోండి!” అని కేకేసేవారు. అమ్మమ్మ, అంటే ఆంటీవాళ్ళ అమ్మ, లోపలి నుంచి కాఫీ పంపేవారు. ఆవిడ యాసలో ఆడపిల్ల అంటే ‘గుంట’, మా ఇద్దరినీ అలాగే పిలిచేవారు.

మొదటి పాఠానికి నేను మహా ఉత్సాహంగా తయారై వెళ్ళాను. చనిపోవడానికి మన భాషలో ఎన్ని అందమైన మాటలున్నాయో ఆవిడకి చూపించాలని. దుకాణంలో చీరలు పరిచినట్టు ఒక్కొక్కటీ పరిచాను. ఆంటీ అన్నింటినీ అలాగే పట్టి, వెలుతురులో పెట్టి చూశారు.

“కాలం చేశారు,” అన్నాను.

“టైమ్ చేశారా? టైమ్ ఎవరైనా ఎలా చేస్తారు?”

“పరమపదించారు.”

“ప్రమోషన్ వచ్చినట్టుంది.”

“స్వర్గస్థులయ్యారు.”

“అక్కడికే వెళ్ళారని నాకేం తెలుసు? డాక్టర్ సంతకం కావాలి కదా.”

నేను నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకున్నాను. “కన్నుమూశారు” అన్నప్పుడు ఆంటీ చెయ్యి అడ్డం పెట్టేశారు. “వద్దు వద్దు. ఆ తర్వాత నేను కళ్ళు అడగాలి.”

చివరికి నాకు అన్నింటికన్నా ఇష్టమైనది చెప్పాను. “తుదిశ్వాస విడిచారు.” ఎంత మెత్తటి మాటో కదా అని ఆవిడ ముఖంలోకి చూశాను. ఆంటీ నవ్వలేదు.

“బేటా, నా పేషెంటు వెంటిలేటర్ మీద ఉంటాడు. మెషీన్ ఊపిరి ఇస్తూంటుంది. ఛాతీ పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. వాళ్ళమ్మ ఎదురుగా కూర్చుని అదే చూస్తూంటుంది. నేనెళ్ళి శ్వాస విడిచేశాడు అంటే, ఆవిడ నన్ను నమ్ముతుందా, ఛాతీని నమ్ముతుందా?”

ఆ గదిలో నేను పరిచిన చీరలన్నీ ఒక్కసారిగా పాతబడ్డాయి. పోయారు అంటే ఎక్కడికీ పోలేదు, మంచం మీదే ఉన్నారు. ఇక లేరు అంటే కళ్ళెదుట ఉన్నారు. మన భాష మరణాన్ని ఊపిరితోనూ ప్రయాణంతోనూ ముడిపెట్టుకుంది. ఆంటీ పనిచేసే గదిలో ఊపిరి ఉంటుంది, ప్రయాణం ఉండదు, మనిషి మాత్రం ఉండడు.

“పోనీ, ‘మెదడు పనిచేయడం లేదు’ అంటే?” అన్నాను.

“అదే మొన్నటిదాకా అన్నాను. ఒక చెల్లెలు ఏమందో తెలుసా? ‘మా అన్నకి అప్పుడప్పుడూ అంతేనండీ, నిద్రపోతే సర్దుకుంటుంది’ అంది.”

నాకు అర్థమైంది. పరీక్షల ముందు హాస్టల్లో మేం రోజూ అనే మాటే అది. ఇవాళ నా బ్రెయిన్ పనిచెయ్యట్లేదే, టీ తాగొద్దాం పద. మన దగ్గర మెదడు పనిచేయకపోవడం చావు కాదు, సాయంత్రానికి తగ్గిపోయే అలసట. ఆ మాట విన్న కుటుంబం రేపటి కోసం ఎదురుచూస్తుంది. తప్పు వాళ్ళది కాదు.

ఆ సాయంత్రానికి మా దగ్గర మిగిలింది ఒకే మాట. చనిపోయారు. నేను దాన్ని లెక్కలో కూడా వేసుకోలేదు, అంత మామూలు మాట. ఆంటీ దాన్ని మెల్లగా నాలుగైదు సార్లు పలికి చూశారు. “ఇది బాగుంది. ఇందులో మూలలు లేవు. ఎవరూ దీని వెనక దాక్కోలేరు.” తర్వాత నాకు ఇంకో సగం నేర్పించారు. “ఈ మాట చెప్పాక నోరు మూసుకోవాలి, మాస్టరుగారూ. చెప్పడం నా పని. ఒప్పించడం నా పని కాదు. మాట చెప్పి, కింద కూర్చుని, వాళ్ళు మాట్లాడేదాకా ఉండాలి.” ఆ కింద కూర్చోవడానికే చీర కింద ఆ బూట్లు. మోకాలి నొప్పితో కూడా బూట్లుంటే లేవడం తేలికట.

ఈ నోరు మూసుకునే విద్యని ఆంటీ సరోజినీ నగర్ బజారులో కూడా వాడేవారు. కుర్తా ధర తనే ఒకటి చెప్పి, అలా నిలబడిపోయేవారు. దుకాణం అబ్బాయి, “దీదీ, ఏమైనా అనండి” అని బతిమాలేవాడు. ఆవిడ అనేవారు కాదు. కాసేపటికి కుర్తా సంచీలో ఉండేది. “హాస్పిటల్లో ఇలా చేయకూడదు,” అని నా చెవిలో అనేవారు. “ఇక్కడ గెలవడానికి, అక్కడ వినడానికి.”

అదే బజారులో ఒకరోజు, దుపట్టాల కుప్ప మధ్య ఉండగా, ఆవిడ ఫోన్ మోగింది. విని, ఒక్క ఎగురు ఎగిరారు. “వచ్చేసింది! మాస్టరుగారూ, వచ్చేసింది!” దుకాణం అతను ఎవరొచ్చారని అడిగాడు. “సూసూ!” అన్నారు ఆంటీ. కొత్త మూత్రపిండం పెట్టిన మనిషికి మొదటిసారి మూత్రం రావడమంటే, ఆ మూత్రపిండం కొత్త ఇంట్లో పని మొదలుపెట్టినట్టు. అతనికి అదేమీ తెలియదు, అయినా ఆవిడ ముఖం చూసి, “ముబారక్ హో దీదీ” అని అభినందించాడు. ఆంటీ నా వైపు తిరిగి, తెలుగులో ఏమంటారని అడిగారు. మూత్రం అన్నాను. ముఖం చిట్లించారు. “ఛీ, ల్యాబ్ రిపోర్టులా ఉంది. ఇంత ఖుషీకి అదేనా మాట? మా అమ్మ ఏమంటుందో తెలుసా?” అని, ఆ జనంలో గొంతెత్తి, “ఉచ్చ పోశాడు!” అన్నారు. పక్కన చెప్పులు బేరమాడుతున్న ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మేమిద్దరం జనాన్ని తోసుకుంటూ పారిపోయాం. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

ఆటో ఆగింది.

అంకుల్ తలుపు తీశారు. లోపల గదిలో ఫ్యాన్ ఆపేసి ఉంది. ఆంటీ తల కింద ఇంకో దిండు పెట్టారు, మూసిన కళ్ళ మీద తడి దూది వేశారు. కళ్ళు ఆరిపోకూడదని ఆంటీ అందరికీ చెప్పే జాగ్రత్తలే. ఎవరో తెలియనివాళ్ళ కోసం ఆవిడ పక్కనుండి నేర్చుకున్న ఆ పనులన్నీ, అంకుల్ ఒక్కటీ మర్చిపోకుండా చేశారు.

అమ్మమ్మ అప్పటికే లేచి, బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“ఏటే గుంటా, ఇంత పొద్దున్నే వొచ్చీసినావు? మీ ఆంటీ ఇంకా లేవనేదు.”

నేను ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. నాకు తెలిసిన అందమైన మాటలన్నీ నాలుక చివరకొచ్చి నిలబడ్డాయి. ఒక్కదాన్నీ తీసుకోలేదు.

“అమ్మమ్మా, ఆంటీ ఇవాళ తెల్లవారుజామున నిద్రలో చనిపోయారు.”

నోరు మూసుకున్నాను. కింద పాలవాడి సైకిలు వెళ్ళింది. అమ్మమ్మ నా ముఖాన్ని చాలాసేపు చూశారు.

“సచ్చిపోనాదా?” అన్నారు. “నా గుంట సచ్చిపోనాదా?”

ఆ మాట అంత మెత్తగా పలకడం నేనెప్పుడూ వినలేదు. పసిపిల్ల నుదుటి మీద చెయ్యి వేసినట్టుంది. మా వైపు అది తిట్టు. అమ్మమ్మ ఊళ్ళో అది మామూలు మాట. మనిషి పోతే వాడే ఒకే ఒక్క మాట. ఆ రోజు ఆ కుటుంబం ముందు ఆంటీ మర్యాద తప్పలేదు. తన అమ్మ దగ్గర నేర్చుకున్నదాన్నే, దానికి ‘అండీ’ చేర్చి, చేతులు జోడించి ఇచ్చారు. వినేవాళ్ళ ఊరు వేరైంది, అంతే. ఈ సంగతి ఆంటీకి చెప్పాలని చటుక్కున లేవబోయాను. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇద్దరం ఏడ్చాం. అమ్మమ్మని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. ఆవిడ కూతురి పాదాలు పట్టుకుని మంచం చివర కూర్చున్నారు. కాసేపటికి అంకుల్ గుమ్మంలోకి వచ్చి నాకు మాత్రమే కనబడేలా తల ఊపారు. ఐ బ్యాంకు వాళ్ళు కింద ఉన్నారు.

మళ్ళీ నేల మీద కూర్చున్నాను. “అమ్మమ్మా, ఆంటీ తన కళ్ళు ఇవ్వాలనుకున్నారు. వాళ్ళు కింద ఉన్నారు. మీరు రమ్మంటే వస్తారు. వద్దంటే వెళ్ళిపోతారు. ఎవరూ ఏమీ అనరు.”

అమ్మమ్మ తల తిప్పలేదు. ఆంటీకి ఇది ఎంత ముఖ్యమో చెప్పాలని, ఎవరో ఇద్దరు చూడగలుగుతారని చెప్పాలని, బతిమాలాలని నాకు ప్రాణం కొట్టుకులాడింది. పెదవులు పళ్ళతో నొక్కిపట్టాను. ఒప్పించడం నా పని కాదు. అమ్మమ్మ వద్దంటే వద్దే.

“నువ్వేటి మాటాడవు?” అన్నారు చివరికి.

“మాట్లాడొద్దని ఆంటీ నేర్పించారు. చెప్పేసి నోరు మూసుకోమన్నారు.”

అమ్మమ్మ నన్ను వింతగా చూశారు. ఆ తడి ముఖం మీద, నమ్మండి, నవ్వు వచ్చింది. “అదా? నోరు మూసుకోడం అది నేర్పిందా? పుట్టినకాడ్నుంచి దాని నోరు మూయించనేక సచ్చాను!” తలుపు దగ్గర అంకుల్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆయన కూడా ఏడుస్తూనే నవ్వారు.

అమ్మమ్మ కూతురి చెంప మీద చెయ్యి వేశారు. “ముకం పాడవదు కదా?”

“పాడవదు అమ్మమ్మా. అలాగే ఉంటుంది.”

“కార్డు రాసినప్పుడు నాను వొద్దన్నాను. బతికున్న పిల్ల కళ్ళ మాట ఎత్తితే ఏ తల్లి ఒప్పుకుంటాది? ఇప్పుడది సచ్చిపోనాది కదా.” కొంగుతో ముఖం తుడుచుకున్నారు. “బేగి రమ్మను. పాపం మెట్ల కాడ ఎందుకు నిలబడతారు?”

వచ్చిన ఇద్దరిలో ఒక అమ్మాయి ఆంటీ దగ్గర పని నేర్చుకున్నదట. మొదలుపెట్టేముందు మంచం పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. తలుపు వేసుకున్నారు, చాలాసేపు పట్టలేదు. తలుపు తీశాక అమ్మమ్మే ముందు లోపలికెళ్ళి చూశారు. వెనక్కి తిరిగి నాతో, “నిద్దరోతున్నట్టే ఉంది” అన్నారు. తర్వాత ఆ ఇద్దరికీ కాఫీ ఇవ్వమని అంకుల్‌ని కూరగాయల హిందీలో పురమాయించారు.

ఆ కళ్ళు ఇంకొకరికి ఎప్పుడు పెడతారని అమ్మమ్మ అడిగితే నేను హిందీలోకి మార్చాను. ముందు పరీక్షలు చేయాలి, అన్నీ బాగుంటే రేపో ఎల్లుండో అంది ఆ అమ్మాయి. ఎవరికి పెట్టేదీ మాత్రం చెప్పరని కూడా అంది.

“ఎవులైతేనేటి,” అన్నారు అమ్మమ్మ. రేపో ఎల్లుండో అన్నదాంట్లో ఆవిడ రేపు మాత్రమే ఉంచుకున్నారు.

సాయంత్రానికి దహనంతో సహా అంతా అయిపోయింది. చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్ళూ, ఆసుపత్రి వాళ్ళూ వెళ్ళిపోయారు. నేను చెప్పులేసుకుంటుంటే అమ్మమ్మ పిలిచారు. రేపంతా ఇంట్లో తలుపులేసుకుని కూర్చోవాలని పక్కింటావిడ చెప్పి వెళ్ళిందట. అమ్మమ్మకి అది నచ్చలేదు.

“దాని కళ్ళు బయటికెళ్ళి సూస్తుంటే నాను సీకట్లో కూకోవాలా? నువ్వు పొద్దున్నే వొచ్చీయి. కింద పార్కులో ఎండ పడతాది. నన్ను అక్కడ కూకోబెట్టు.”

గదికి వచ్చి ఇది రాస్తున్నాను. అలారం పెట్టుకున్నాను. రేపు పొద్దున్నే మొదటి ఆటో పట్టుకుని వెళ్ళి, ఎండ పార్కు గోడ దిగి నేలకి చేరకముందే ఆ ప్లాస్టిక్ కుర్చీని పార్కులోకి దించాలి. కుర్చీ నేను మోయాలి, కాఫీ ఫ్లాస్కు అమ్మమ్మ మోస్తారట.